దుమ్మును తరమవద్దు, పట్టండి



మన పల్లెలలో ఇల్లు ఊడ్వకుండా ప్రొద్దు గడవదు. తెల్లవారుజామున వాకిలి, తరువాత వసారా, ఆ తరువాత గదులు, మళ్ళీ సాయంకాలము ఇంకొకసారి. ఇంత చేసినా మధ్యాహ్నానికి బీరువా మీద వేలితో పేరు రాస్తే చదువుకోవచ్చు. "ఎంత ఊడ్చినా ఇంతేనండి అయ్యగారూ, రోడ్డు ప్రక్క ఇల్లు గదా" అని తల్లులు మాతో చెప్పుకొంటూ ఉంటారు. రోడ్డు కొంతవరకు కారణమే, కాదనము. అయితే రోడ్డుకు దూరముగా, చేలగట్టున ఉన్న ఇండ్లలోనూ ఇదే మాట వింటున్నాము.

ఒక సంగతి గమనించండి. వాకిట్లో నీళ్ళు చల్లకుండా ఎవరూ చీపురు పట్టరు. దుమ్ము లేస్తుందని మన అమ్మమ్మలకు తెలుసు. గడప దాటి లోపలికి రాగానే మాత్రం పొడి నేల మీద పొడి చీపురు ఆడిస్తాము. బయట దుమ్మును అణచిపెట్టి, లోపల లేపుతున్నామన్నమాట. ఈ నెల మేము చెప్పదలచినదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: దుమ్మును తరిమితే పోదు, పట్టుకొని బయట పారవేస్తేనే పోతుంది.

లేచిన దుమ్ము ఎక్కడికి పోతుంది?

ఉదయపు ఎండ కిటికీలోనుండి ఏటవాలుగా పడే వేళ, ఎవరైనా ఊడుస్తుండగా ఆ వెలుగులోకి చూడండి. వేలకొలది రేణువులు తేలుతూ కనబడతాయి. కనబడేవి పెద్దవి మాత్రమే. మిల్లీమీటరును వెయ్యి భాగములు చేస్తే ఒక భాగమును మైక్రాను అంటారు. తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. 10 మైక్రానులు, అంతకంటె చిన్నవి అయిన రేణువులు ముక్కును, గొంతును దాటి ఊపిరితిత్తులకు చేరగలవు. 2.5 మైక్రానుల లోపు ఉన్నవి ఇంకా లోతుకు పోతాయి.

ఇసుక రేణువు లేచిన వెంటనే నేలకు దిగుతుంది. 10 మైక్రానుల రేణువైతే, గాలి కదలని గదిలో పది అడుగుల ఎత్తు నుండి దిగడానికి పావుగంట పైగా పడుతుంది. 1 మైక్రాను రేణువుకు ఇంచుమించు ఒక రోజు కావాలి. ఫ్యాను తిరుగుతూ, మనుషులు అటూ ఇటూ నడుస్తూ ఉంటే అది ఇంకా ఆలస్యముగా దిగుతుంది. కాబట్టి ఉదయము ఆరు గంటలకు మనము లేపిన సన్నని దుమ్ము మధ్యాహ్నము దాకా తేలుతూ, మంచినీళ్ళ బిందె మీద, మడత పెట్టిన బట్టల మీద, బీరువా మీద నెమ్మదిగా వాలుతూ ఉంటుంది. అంతా రోడ్డు మీదనుండి వచ్చినదే అనుకొంటాము గాని, అందులో కొంత మనము ప్రొద్దున లేపినదే.

ఈ మధ్యలో దానిని పీల్చేది ఎవరు? వంగి ఊడ్చే ఇల్లాలు మొదట పీలుస్తుంది. నేల మీద ప్రాకే పసివాడు తరువాత. మూలన మంచము మీద ఉన్న ముసలివారు ఆ తరువాత.

మేము ఇండ్లు దర్శించడానికి వెళ్ళినప్పుడు తరచుగా చూసేది ఒకటున్నది. వీధి మలుపులో మమ్మును చూడగానే ఇంటి తల్లి గబగబ చీపురు అందుకొంటుంది. మేము గుమ్మములో అడుగు పెట్టేసరికి నేల శుభ్రముగానే ఉంటుంది, గాలి మాత్రం మసకగా ఉంటుంది. అలాగే ఒక ఇంట్లో ఆరేడేండ్ల పిల్లవాడు, ఉబ్బసము ఉన్నవాడు, మేము కూర్చున్నంతసేపు తల్లి ఒడిలో ఆయాసపడుతూ దగ్గుతూనే ఉన్నాడు. "ఇందాకటివరకు బాగానే ఆడుకున్నాడండి, మీరు వచ్చే వేళకే ఇట్లా అయ్యింది" అని ఆమె నొచ్చుకున్నది. కారణము ఆ మాటలోనే ఉన్నది.

ఆమెకు చెప్పినదే అందరికీ మనవి చేస్తున్నాము. ఎవరు వచ్చినా, మేము వచ్చినా, ఆ ఘడియలో పొడి చీపురు పట్టవద్దు. చాప పరచి కూర్చోబెట్టండి, చాలును. ఉబ్బసము ఉన్న పిల్లలను, పెద్దలను ఊడ్చే ముందు బయటికి పంపి, కనీసము అరగంట ఆగి లోపలికి పిలవండి. డాక్టరు ఇచ్చిన మందు, ఇన్‌హేలరు మానవద్దు. ఇంటి శుభ్రత మందుకు తోడు గాని, మందుకు బదులు కాదు.

ఊదడమా, పట్టడమా?

దుమ్ము పీల్చే యంత్రము పుట్టినది కూడ ఈ ఆలోచనలోనుండే. 1901లో లండను నగరములో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్ము దులిపే యంత్రము ఒకటి చూశాడు. అది గట్టిగా గాలి ఊది దుమ్ము లేపేది. లేచిన దుమ్ము తిరిగి అక్కడే పడడము గమనించి, ఊదడానికి బదులు పీల్చి గుడ్డలో పట్టుకొంటే మేలు గదా అనుకున్నాడు. హోటలులో కుర్చీ మెత్త మీద చేతిరుమాలు పరచి, నోటితో గట్టిగా పీల్చి చూశాడట. రుమాలుకు దుమ్ము అంటుకున్నది. ఆ సంవత్సరమే తన యంత్రానికి పేటెంటు పొందాడు.

1907లో అమెరికా దేశములో ఒహాయో రాష్ట్రము, కాంటన్ పట్టణములో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక దుకాణము ఊడ్చే పనిలో ఉండేవాడు. ఆయనకు ఉబ్బసము. ఊడ్చినప్పుడెల్లా దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. ఒక చిన్న ఫ్యాను మోటారును, చీపురు కర్రను, దిండు గలీబును కూర్చి దుమ్మును సంచిలోకి లాగే పరికరము చేసుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది.

మన ఇండ్లలో చాలా వాటికి ఆ యంత్రముతో పని లేదు. పాత నూలు చీర చింపిన గుడ్డ, ఒక బకెట్టు నీళ్ళు ఉంటే ఆ పని చేసుకోవచ్చు.

గడప దగ్గరే ఆపండి

లోపలికి రాని దుమ్మును ఊడ్వనక్కరలేదు. చెప్పులు గడప అవతలనే విడవాలని ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ ఒకే నియమము పెట్టండి. గుమ్మము బయట ఒక గోనెసంచి, లోపల మరొకటి మడిచి వేయండి. బయటిది మట్టి రాల్చడానికి, లోపలిది కొంచెము తడిపి పిండినది, మిగిలిన దుమ్ము పట్టడానికి. వాటిని రోజూ ఇంటికి దూరముగా, గాలి వాలు చూసి దులపండి. గుమ్మము ప్రక్కన నీళ్ళ తొట్టి, చెంబు ఉంచి కాళ్ళు కడుగుకొని వచ్చే పాత అలవాటు నిలుపుకోండి.

కుప్పనూర్పులప్పుడు, పత్తి తీతలప్పుడు, మిరప కళ్ళము పనులప్పుడు కట్టిన బట్టలను ఇంట్లోకి తేవద్దు. వసారాలోనో పెరట్లోనో ఒక తాడు కట్టి, అక్కడే మార్చుకోవాలి. పురుగుమందు కొట్టిన రోజు బట్టలను పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.

రోడ్డు వైపు కిటికీకి పలుచని నూలు గుడ్డ తెరగా కట్టి, వారమునకొకసారి ఉతకండి. తలుపు క్రింద సందుకు పాత గుడ్డ చుట్టి అడ్డము పెట్టవచ్చు. స్థలము ఉన్నవారు రోడ్డు వైపు గోరింట, మందార కంచెగా పెంచితే, ఒక కానుగ మొక్క నాటితే, ఆకులు కొంత దుమ్మును పట్టి ఉంచుతాయి. వాన వచ్చినప్పుడు అది కడుగుకొని పోతుంది.

మట్టి నేల అయితే ఆ నేల కూడ దుమ్ముకు మూలమే. పగుళ్ళు పూడ్చి, ఎర్రమన్ను కలిపి క్రమముగా అలికితే పై పొర గట్టిపడి రేగదు. సిమెంటు గచ్చు పెచ్చులూడిన చోట గుప్పెడు సిమెంటుతో పూడ్చుకోవడము ఏడాది పొడుగునా ఊడ్చుకోవడముకంటె తేలిక.

పైనుండి క్రిందికి

చాలామంది ముందు నేల ఊడ్చి, ఆ తరువాత అలమారులు దులుపుతారు. అప్పుడు నేల మళ్ళీ మొదటికి వస్తుంది. వరుస ఎప్పుడూ పైనుండి క్రిందికి ఉండాలి.

మొదట బూజు. నీళ్ళ బిందెలు, వంటపాత్రలు మూసిపెట్టి, పొడవాటి కర్రకు తడిపి పిండిన గుడ్డ చుట్టి మూలమూలలా తుడవండి. పొడి బూజుకర్ర బూజును రాల్చుతుంది, తడిగుడ్డ చుట్టుకొని తెస్తుంది.

తరువాత ఫ్యాను. స్విచ్చి ఆపి, పాత దిండు గలీబును రెక్కకు తొడిగి, రెండు చేతులతో అదిమి మీ వైపు లాగండి. దుమ్మంతా గలీబులోనే పడుతుంది, మంచము మీద పడదు. బయటికి తీసుకొని వెళ్ళి దానిని తిరగవేసి దులిపి, ఉతికి ఉంచుకోండి.

ఆ తరువాత అటక, బీరువా పైభాగము, ఫొటోలు, కిటికీ ఊచలు, బల్లలు. నేల అన్నిటికంటె చివర.

గుడ్డను తడిపి గట్టిగా పిండాలి. నీళ్ళు కారుతూ ఉంటే దుమ్ము బురదై చారలు పడుతుంది. గుడ్డను రెండు మడతలు వేసి నాలుగు పొరలుగా చేసుకుంటే, తిప్పుకొంటూ ఎనిమిది ముఖములు వాడుకోవచ్చు. ఎనిమిదీ మురికి అయ్యాక ఉతకాలి. టీవీ, స్విచ్చి బోర్డుల మీద మాత్రం తడిగుడ్డ పెట్టవద్దు. కరెంటు ఆపి, పొడి నూలు గుడ్డతో నెమ్మదిగా అద్ది తీయండి. కోడి ఈకలతో దులిపే కట్టలు బజారులో అమ్ముతారు గాని, అవి దుమ్మును ఒక చోటనుండి మరొక చోటికి చేర్చడానికే పనికివస్తాయి.

గచ్చు నేలకు రెండు బకెట్లు పెట్టుకోండి. ఒక దానిలో గుడ్డ జాడించి, రెండవ దానిలో మంచినీళ్ళకు తడపాలి. ఒకే బకెట్టుతో ఇల్లంతా తుడిస్తే మొదటి గది మురికిని చివరి గదికి పూసినట్లవుతుంది. ఫినాయిలు వాసనకు పనికివస్తుంది, దుమ్ము తీసేది మాత్రం గుడ్డే.

తడిగుడ్డ పెట్టలేని నేలకు, లేక చీపురు తప్పని చోట, పాత పేపరును చిన్న ముక్కలుగా చింపి తడిపి పిండి చల్లండి. రంపపు పొట్టు తడిపి చల్లినా సరే. వాటితోపాటు ఊడిస్తే దుమ్ము వాటికి అంటుకొని వస్తుంది. మట్టి నేల మీద నీళ్ళు చిలకరించి ఊడ్వండి. చీపురును పైకి విసరవద్దు, నేలను వదలకుండా పొడుగ్గా లాగండి. పుల్లల చీపురు వాకిలికి, కొండచీపురు ఇంటి నేలకు. కొత్త కొండచీపురు నూగు రాల్చుతుంది గనుక, వాడకముందు బయట కొట్టి, ఒకసారి తడిపి ఆరబెట్టండి. పోగైన చెత్తను వెంటనే చేటలోకి ఎత్తండి. తలుపు మూలకు నెట్టి ఉంచితే గాలి దానిని తిరిగి పంచిపెడుతుంది.

ముక్కుకు కొంగు, తువాలు కట్టుకోవడము మంచిదే గాని, అది పెద్ద రేణువులనే ఆపుతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు మనకు పరిచయమైన ఎన్-95 మాస్కు సన్నని దుమ్మును కూడ ఆపుతుంది. బూజు దులిపే రోజుకు, అటక దించే రోజుకు ఒకటి దాచుకోండి.

ఇంకొక మనవి. వస్తువు తగ్గితే దుమ్ము తగ్గుతుంది. అటక మీద ఖాళీ అట్టపెట్టెలు, చదివిన పేపర్లు, గోడలకు ప్లాస్టిక్ పువ్వులు ఇవన్నీ దుమ్ముకు గూళ్ళు. క్రిస్మస్‌కు కట్టిన రంగుకాగితములు మన ఇండ్లలో మార్చి పరీక్షల దాకా వ్రేలాడుతూ ఉంటాయి. కొత్త సంవత్సరము మొదటి వారములో వాటిని విప్పి మడిచి పెట్టెలో పెట్టండి, మరుసటి ఏటికి కూడ పనికివస్తాయి.

పడక, వంటిల్లు

పరుపులలో, దిండ్లలో కంటికి ఆనని ఒక పురుగు ఉంటుంది. పొడవు మిల్లీమీటరులో మూడవ వంతుకు మించదు. అది కుట్టదు, కరవదు. మన ఒంటినుండి రాలే చర్మపు పొట్టు తిని బ్రతుకుతుంది. దాని విసర్జన పొడిలా రేగి ముక్కులో పడితే తుమ్ములు, ఉబ్బసము ఉన్నవారికి ఆయాసము వస్తాయి. తేమ ఉన్నచోట అది బాగా పెరుగుతుంది గనుక, కోస్తా ఊళ్ళలోనూ, వానకాలములోనూ మరింత జాగ్రత్త కావాలి.

దుప్పట్లు, గలీబులు వారమునకొకసారి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో, అంటే 60 డిగ్రీల వేడిలో నానబెట్టి ఉతికితే ఆ పురుగు చస్తుంది. పిల్లలను ఆ నీళ్ళకు దూరముగా ఉంచండి. బొంతలు, పరుపులు మంచి ఎండలో రెండు వైపులా తిప్పి ఆరవేయండి. కర్రతో కొట్టే పని ఇంటికి దూరముగా, ఆరోగ్యముగా ఉన్నవారు చేయాలి. ఉబ్బసము ఉన్నవారు ఆ దరిదాపుల ఉండరాదు.

వంటింటి దుమ్ము వేరు. మసి, నూనె ఆవిరి కలిసి జిగటగా పట్టుకొంటుంది గనుక వట్టి నీళ్ళకు రాదు. గోరువెచ్చని సబ్బు నీళ్ళు రాసి, కాసేపు ఆగి తుడవాలి. అయితే కట్టెల పొగ కూడ సన్నని దుమ్మే. 1999లో మన రాష్ట్రములో దీపం పథకము, 2016లో ఉజ్జ్వల పథకము ద్వారా చాలా పేద ఇండ్లకు గ్యాసు వచ్చింది. బండ ధరకు వెరచి కట్టెలపొయ్యి వాడక తప్పనివారు దానిని పెరట్లోకి, చూరు క్రిందికి మార్చండి. నిద్రించే గదిలో దోమల చుట్ట వెలిగించడముకంటె దోమతెర కట్టుకోవడము మేలు.

ఈ మూడింటిని పొడిగా గీకవద్దు

క్రిస్మస్‌కు ముందు ఇంటికి సున్నమో రంగో వేయడము మన కుటుంబములలో అలవాటు. పాత రంగును పొడిగా గీకడమే అందులో ప్రమాదము. పాత పెయింట్లలో సీసము ఎక్కువగా ఉండేది. ఇంటి పెయింట్లలో సీసము పది లక్షల భాగములలో 90 భాగములకు మించరాదని 2016లో భారత ప్రభుత్వము నియమము చేసింది, 2017 నవంబరు నుండి అది అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన తలుపుల రంగు, కిటికీ రంగు పొడి పసిపిల్లల కడుపులోకి పోతే వారి మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. తడిపి గీకండి, రాలినది తడిగుడ్డతో ఎత్తండి, పని అయ్యేవరకు పిల్లలను వేరే ఇంట ఉంచండి.

రెండవది సిమెంటు రేకులు. చాలా పాత రేకులలో ఆస్‌బెస్టాస్ నార కలిసి ఉంటుంది. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి, ఎన్నో ఏండ్ల తరువాత క్యాన్సరుకు కూడ దారి తీయగలదు. రేకు లోపలివైపు పొడి చీపురుతో రుద్దవద్దు. తడిగుడ్డతో అద్దినట్లు తుడవండి. రంధ్రము చేయాలంటే తడిపి చేయించండి. విరిగిన ముక్కలను నలగగొట్టి వాకిట్లో పరచవద్దు.

మూడవది రాతి ధూళి. క్రషర్లలో, పలకల పనిలో, రాతి కోతలో ఉన్నవారి బట్టలలో సన్నని రాతిపొడి ఉంటుంది. అది సిలికోసిస్ అనే, తిరిగి నయము కాని ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. ఆ బట్టలను ఇంట్లో దులపరాదు. నీళ్ళలో ముంచి ఉతకాలి.

ఈ పని ఎవరిది?

ఇంట్లో దుమ్ము తెచ్చేది అందరము, తీసేది ఒక్కరు. ఇది న్యాయము కాదు. చెప్పులు బయట విడవడము, గోనెసంచి దులపడము, తన పడక తాను మడవడము పదేండ్ల మగపిల్లవాడు చేయగల పనులు. ఫ్యాను, అటక, బూజు నెలకొకసారి ఇంటి యజమాని పని. రోజూ నేలకు తడిగుడ్డ, వారమునకొకసారి అలమారులు, గలీబులు, నెలకొకసారి పైకప్పు, ఫ్యాను అని పంచుకుంటే ఎవరికీ భారము కాదు. తడిగుడ్డకు చీపురుకంటె ఎక్కువ సమయము పడుతుందని మొదట అనిపిస్తుంది. లేచిన దుమ్మును మళ్ళీ మళ్ళీ ఊడ్చుకొనే సమయము కూడ లెక్కవేసుకోండి.

మా మాట నమ్మవలసిన అవసరము లేదు, పరీక్షించి చూడండి. ఒక రోజు పిల్లవాడి నల్లపలకను శుభ్రముగా తుడిచి బల్ల మీద పెట్టి, ఆ గదిని మీ అలవాటు ప్రకారము పొడి చీపురుతో ఊడ్వండి. గంట తరువాత పలక మీద వేలు పెట్టి గీయండి. మరునాడు అదే పలకను అదే చోట పెట్టి, తడిగుడ్డతో నేల తుడవండి. గంట తరువాత మళ్ళీ గీయండి. రెండు గీతలనూ ఇంట్లో అందరికీ చూపించండి. ఆ తరువాత చీపురు ఎక్కడ ఉంచాలో, గుడ్డ ఎవరు పట్టాలో మీ ఇంటివారే కలిసి నిర్ణయించుకోండి.